ఆని నగరం 1064లో అంతరించలేదు

ఈ మధ్య ఒక ఆదివారం అనుబంధంలో ప్రపంచంలోని శిథిల నగరాల గురించి ఒక పేజీ వచ్చింది. అందులో ఆనికి నాలుగు వాక్యాలు దక్కాయి. అది ఆర్మేనియా రాజ్యానికి రాజధాని. దానికి వెయ్యిన్నొక్క చర్చిల నగరమని పేరు. లక్ష మంది నివసించేవారు. 1064లో సెల్జుక్ తురుష్కులు దాన్ని నేలమట్టం చేయగా నేటికీ నిర్మానుష్యంగా పడి ఉంది. మొదటి వాక్యం నిజం. రెండోది అభిమానం ఇచ్చిన బిరుదు, ఎందుకంటే ఇప్పటివరకు గుర్తించిన చర్చిలు పదుల్లోనే ఉన్నాయి. మూడోది అంచనా. నాలుగో వాక్యం మాత్రం రెండు నిజాలను ఒకదానికొకటి అంటించి తయారుచేసిన అబద్ధం. సెల్జుక్‌ల దాడి నిజం, నేటి నిర్మానుష్యత నిజం. రెండింటి మధ్య ఉన్న శతాబ్దాలను ఆ వాక్యం మింగేసింది.

ఆని గురించి మన పత్రికల్లో రాసేవారే తక్కువ, ఉన్న నాలుగు మాటలతో పేచీ ఎందుకని అడగవచ్చు. మా అక్క కొడుకు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో వైద్యవిద్య చదువుతున్నాడు. అక్కడ చదివే తెలుగు పిల్లలు ఇప్పుడు కొత్త కాదు. వాడి తరగతిలోనే ఆని అనే పేరున్న అమ్మాయిలు ఉన్నారట. వాడికి గది అద్దెకిచ్చిన పెద్దావిడ ఇంట్లో గోడకు ఆని ప్రధాన దేవాలయం చిత్రం ఉందట. వాడి ఫోన్ల ద్వారా మొదలైన ఆసక్తి నన్ను ఈ నగరం గురించి దొరికినదల్లా చదివించింది. చదివేకొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఆని పతనాన్ని ఒక్క తేదీకి, ఒక్క శత్రువుకి కట్టేయడం వల్ల ఇద్దరికి అన్యాయం జరుగుతోంది. నగరాన్ని నిజంగా చేజార్చినవారు నిందకు దొరక్కుండా తప్పించుకుంటున్నారు. దాడి తర్వాత దాన్ని తిరిగి నిలబెట్టినవారు చరిత్రలోంచి తుడిచిపెట్టుకుపోతున్నారు.

84 ఏళ్ళ రాజధాని

ఆని ఉన్నది నేటి టర్కీలోని కార్స్ ప్రాంతంలో, ఆర్మేనియా సరిహద్దు అంచున. తూర్పున అఖుర్యన్ నది లోతైన లోయ, పడమర మరో లోయ, రెండూ దక్షిణాన కలిసే చోట త్రికోణాకారపు పీఠభూమి. ఉత్తరం వైపు ఒక్కటే తెరిపి. 5వ శతాబ్దపు చరిత్రల్లోనే అది కమ్‌సరకన్ వంశీయుల కోటగా కనిపిస్తుంది. ఆర్మేనియాను ఏలిన బగ్రతూని వంశపు రాజులు 885 ప్రాంతంలో కిరీటం దక్కించుకున్నాక బగరాన్, షిరకవాన్, కార్స్ అంటూ రాజధానులు మార్చి, చివరకు 961లో మూడవ అషోత్ కాలంలో ఇక్కడ స్థిరపడ్డారు. అషోత్ ఉత్తరం వైపు పీఠభూమి సన్నబడిన చోట ఒక గోడ కట్టించాడు. ముప్ఫై ఏళ్ళు నిండకముందే అతని కొడుకు స్మ్‌బత్ మరింత ఉత్తరానికి జరిగి, బురుజులతో కొత్త గోడ కట్టవలసి వచ్చింది. ఒక తరంలో ఊరు గోడ దాటి పొంగిపోయిందంటే అక్కడికి జనాన్ని రప్పించినది రాజు కొలువు ఒక్కటే అయి ఉండదు. ద్విన్ నుంచి కార్స్ మీదుగా నల్ల సముద్రపు రేవు ట్రెబిజాండ్‌కు వెళ్ళే బిడారులకు ఆని మజిలీ అయింది. అఖుర్యన్ మీద వంతెనలు వెలిశాయి. రాజుకు సుంకం, వర్తకుడికి రక్షణ, ఈ రెండూ ఒకదాన్నొకటి పోషించుకున్నాయి.

989లో స్మ్‌బత్ ప్రధాన దేవాలయానికి పునాది వేయించాడు. శిల్పి త్రదాత్. అదే ఏడాది తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియానికి రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో భూకంపం వచ్చి అక్కడి మహా చర్చి హాగియా సోఫియా గుమ్మటం కొంత కూలితే, దాన్ని సరిచేయడానికి బైజాంటైన్ చక్రవర్తి పిలిపించుకున్నది ఈ త్రదాత్‌నే. ఆ పని ముగించి వచ్చి, స్మ్‌బత్ తర్వాత రాజైన మొదటి గాగిక్ భార్య, రాణి కత్రానిదే ఆధ్వర్యంలో ఆని దేవాలయాన్ని 1001 నాటికి పూర్తి చేశాడు. లోపలి స్తంభాలు సన్నని కమ్మీల గుచ్ఛాల్లా పైకి లేచి మొనదేలిన కమానుల్లో కలిసే తీరు చూసి, తర్వాతి కాలపు ఐరోపా గోతిక్ కట్టడాలతో పోల్చే పండితులు ఉన్నారు. నేను ఆ పోలికకు పెద్ద విలువ ఇవ్వను. ఆని గొప్పతనం రుజువు కావడానికి ఫ్రాన్సు సాక్ష్యం అవసరం లేదు.

దానికన్నా నన్ను ఆకట్టుకున్నది గాగిక్ రాజు విగ్రహం. 1906లో తవ్వకాల్లో బయటపడింది. చేతుల్లో తాను కట్టించిన చర్చి నమూనా పట్టుకుని నిలబడ్డ ఆ క్రైస్తవ రాజు తలమీద ఉన్నది ముస్లిం ప్రభువులు ధరించే తరహా పెద్ద తలపాగా. తూర్పునున్న ఖలీఫాల లోకం, పడమటనున్న చక్రవర్తి లోకం రెండింటితోనూ వ్యవహరిస్తూ, రెండింటి మధ్య సరుకును నడిపిస్తూ బతికిన రాజ్యం అది. తన దేవాలయంలో వేలాడిన పెద్ద స్ఫటిక దీపాన్ని స్మ్‌బత్ భారతదేశం నుంచి తెప్పించాడని పాత చరిత్రల్లో ఉంది.

తాళంచెవుల కథ

గాగిక్ మరణించాక ఇద్దరు కొడుకులు రాజ్యం పంచుకున్నారు. ఆనిని ఏలిన హోవ్‌హన్నెస్ స్మ్‌బత్ తన పొరుగున ఉన్న జార్జియా రాజు పక్షం వహించి, ఆ రాజు రెండవ బేసిల్ చక్రవర్తి చేతిలో ఓడిపోయేసరికి భయపడ్డాడు. చక్రవర్తి ట్రెబిజాండ్‌లో విడిది చేసి ఉండగా 1022లో ఆర్మేనియన్ చర్చి అధిపతి పెత్రోస్‌ను దూతగా పంపి, తన మరణానంతరం ఆని బైజాంటియానికి చెందుతుందని వీలునామా రాసిచ్చాడు. రాజ్యాన్ని వీలునామాలో పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అప్పటికి సెల్జుక్‌ల సైన్యం ఆని గోడల ముందు కనిపించను కూడా లేదు.

1041లో అతను పోయాక బైజాంటియం ఆ కాగితాన్ని చూపించింది. వహ్రాం పహ్లవూని అనే వృద్ధ సేనాని ఒప్పుకోలేదు. యువకుడైన రెండవ గాగిక్‌కు పట్టం కట్టించి, దండెత్తి వచ్చిన బైజాంటైన్ సైన్యాన్ని తరిమికొట్టాడు. యుద్ధంలో రానిది మర్యాదతో వచ్చింది. తొమ్మిదవ కాన్‌స్టాంటిన్ చక్రవర్తి గాగిక్‌ను అభయమిచ్చి కాన్‌స్టాంటినోపుల్‌కు పిలిపించుకుని, అక్కడే నిలిపివేసి, ఆనిని వదులుకొమ్మని ఒత్తిడి చేశాడు. యువకుడైన ఆ రాజు లొంగలేదు. ఈలోగా ద్విన్‌ను ఏలే షద్దాదీ వంశపు అమీరును ఆని మీదికి ఉసిగొల్పినది కూడా ఆ క్రైస్తవ చక్రవర్తే. చివరకు నగరంలోని పెద్దలే దారి చూపారు. వారు నగరపు 40 తాళంచెవులను చక్రవర్తికి పంపితే, ఆయన వాటిని గాగిక్ ముందు పెట్టి చూపించాడని ఉర్హా నగరానికి చెందిన చరిత్రకారుడు మత్తెవోస్ రాశాడు. తాళంచెవుల సంఖ్య ఎంతవరకు నిజమో గాని, 1045లో ఆని చేతులు మారిన తీరు మాత్రం అదే. రాజధానిగా దాని ఆయువు 84 ఏళ్ళు. ఆ ఆయువు తీరినప్పుడు ఏ శత్రువూ గోడ పగలగొట్టలేదు. అప్పగింతలో పాలుపంచుకున్న పెత్రోస్‌ను కూడా కొత్త ప్రభువులు కొద్ది కాలానికే ఆని నుంచి పంపించివేశారు.

తర్వాత జరిగినది ఇంకా అన్యాయం. తూర్పు సరిహద్దులో సైనిక సేవ చేస్తూ భూములు అనుభవిస్తున్న స్థానిక యోధులను కాన్‌స్టాంటిన్ ప్రభుత్వం సేవ నుంచి తప్పించి, బదులుగా పన్ను కట్టమంది. ఈ మాట ఆర్మేనియన్లు ఆరోపించినది కాదు, బైజాంటైన్ చరిత్రకారులే నొచ్చుకుంటూ రాసుకున్నది. 1064 వేసవిలో ఆల్ప్ అర్స్‌లాన్ సుల్తాన్ వచ్చేసరికి నగరంలో ఉన్న ఇద్దరు బైజాంటైన్ సేనానులకు పొత్తు కుదరలేదు. 25 రోజుల ముట్టడి తర్వాత ఆగస్టు 16న నగరం పడిపోయింది. జరిగిన ఊచకోతను ముస్లిం చరిత్రకారులు కూడా దాచలేదు. శవాలతో వీధులు మూసుకుపోయాయని రాశారు. దేవాలయ గుమ్మటం మీది వెండి శిలువను దించి నఖిచెవాన్ మసీదు గడపలో వేశారని, భారతదేశపు స్ఫటిక దీపం ముక్కలైందని ఆర్మేనియన్ చరిత్రల్లో ఉంది.

ఇక్కడ నేను ఆగి ఒక మాట చెప్పాలి. 1064ను ఏకైక కారణంగా చూపవద్దంటున్నానే తప్ప, ఆ రోజుల్లో చనిపోయినవారి సంఖ్యను గాని, చంపినవారి బాధ్యతను గాని తగ్గించడం నా ఉద్దేశం కాదు. తలుపు తీసినవాడి తప్పు చెప్పుకోవడం వల్ల, లోపలికి వచ్చి నరికినవాడి నేరం తరిగిపోదు.

దాడి తర్వాత

సెల్జుక్‌లు ఆనిని ఎక్కువ కాలం అట్టిపెట్టుకోలేదు. 1072 ప్రాంతంలో అది షద్దాదీల చేతికి వచ్చింది. వారు కుర్దు మూలాలున్న ముస్లిం ప్రభువులు. మనూచెహ్ర్ కాలంలో గోడలు బాగుపడ్డాయి. అఖుర్యన్ లోయ అంచున అతని పేరు మీద ఉన్న మసీదు, దాని అష్టకోణపు మినార్ నేటికీ నిలిచి ఉన్నాయి. ప్రధాన దేవాలయం కొంతకాలం మసీదుగా మారి, 1124లో జార్జియా రాజు నాలుగవ దావీద్ నగరాన్ని గెలిచాక మళ్ళీ చర్చి అయింది. షద్దాదీలు తిరిగి వచ్చారు, జార్జియన్లు మళ్ళీ గెలిచారు, 12వ శతాబ్దం ఇలా చేతులు మారడంలోనే గడిచింది. 1199లో జార్జియా రాణి తమార్ సైన్యం దాన్ని తీసుకున్నాక పాలన జకారియన్ సోదరుల చేతికి వచ్చింది. వారు జార్జియా కొలువులో ఉన్న ఆర్మేనియన్ సేనానులు.

వారి కాలపు ఆనికి ముఖ్యమైన సాక్షి రాజు కాదు, ఒక వర్తకుడు. పేరు తిగ్రాన్ హోనెంత్స్. 1215లో లోయ వాలున అతను కట్టించిన సెయింట్ గ్రెగరీ చర్చి ఆనిలో బాగా నిలిచిన కట్టడాల్లో ఒకటి. లోపలి గోడలన్నీ వర్ణచిత్రాలు, వాటి మీద జార్జియన్ లిపి. బయటి గోడ మీద ఆర్మేనియన్ భాషలో పొడవైన దానశాసనం. తాను ఏ స్థలం కొని ఈ గుడి కట్టించాడో, దాని పోషణకు ఏయే ఆస్తులు రాసిచ్చాడో అందులో చెప్పుకున్నాడు. మన ఊళ్ళలో గుడి గోడ మీది శాసనాలు చదివే అలవాటున్నవారికి ఆ ధోరణి వెంటనే పరిచయమనిపిస్తుంది. 1064లో నేలమట్టమై ఖాళీగా ఉండిపోయిన ఊళ్ళో 150 ఏళ్ళ తర్వాత ఒక సామాన్య వర్తకుడు సొంత సొమ్ముతో ఇలాంటి గుడి ఎలా కట్టగలిగాడు? ఆ ఆదివారం పేజీ రాసినవారిని నేను అడగదలచిన ప్రశ్న ఇది ఒక్కటే.

శాసనాల్లో కనిపించే పన్ను

ఆని గోడలు శాసనాలతో నిండి ఉంటాయి. వాటిలో పదేపదే కనిపించే విషయం పన్ను. 1055–56లో బైజాంటైన్ అధికారి ఆరోన్ ప్రధాన దేవాలయం గోడ మీద చెక్కించిన శాసనంలో, తాను నగరపు గోడలు ఎత్తు చేయించానని, సొంత ఖర్చుతో నీళ్ళు తెప్పించానని, థియోడోరా మహారాణి నుంచి కొన్ని పన్నుల రద్దుకు ఆజ్ఞ తెచ్చానని ఉంది. బైజాంటైన్ పాలన మొదలై పదేళ్ళకే ప్రజల భారం తగ్గించవలసి వచ్చిందన్నమాట.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం మనూచెహ్ర్ మసీదు గోడ మీద ఉండేది. 1230ల్లో మంగోలులు ఆనిని పట్టుకున్నాక, వారి ఇరాన్ శాఖకు చెందిన అబూ సయీద్ కాలంలో, అంటే 1316, 1335 మధ్య, పారశీకంలో చెక్కించిన ఫర్మానా అది. నియమం లేని వసూళ్ళ వల్ల, దౌర్జన్యం వల్ల ఈ ప్రాంతాలు పాడుపడుతున్నాయని, జనం చెల్లాచెదురవుతున్నారని, ఊరి పెద్దలు సైతం ఇళ్ళూ ఆస్తులూ వదిలి వెళ్ళిపోతున్నారని చెప్పి, మామూలు సుంకం తప్ప మరేదీ వసూలు చేయరాదని అందులో ఆజ్ఞాపించారు. వసూలు చేసే ప్రభుత్వమే తన వసూళ్ళ వల్ల నగరం ఖాళీ అవుతోందని ఒప్పుకుంటూ రాతి మీద రాయించిన మాట ఇది. ఆని ఎందుకు చచ్చిపోయిందని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపేది ఈ ఫర్మానానే.

1319లో పెద్ద భూకంపం వచ్చింది. ఆని కథను అక్కడ ముగించేవారూ ఉన్నారు. కాని భూకంపాలు ఆ నేలకు కొత్త కాదు. వర్తకం సాగుతున్న ఊరు కూలిన ఇంటిని మళ్ళీ కట్టుకుంటుంది. 14వ శతాబ్దంలో మంగోలు రాజ్యం ముక్కలైంది, బిడారుల దారులు దక్షిణానికి జరిగాయి, కట్టడానికి డబ్బున్న హోనెంత్స్ లాంటివారు మిగల్లేదు. ఎందరో క్రిమియాకు, అటునుంచి పోలెండు వైపుకు తరలిపోయారు. అక్కడి ఆర్మేనియన్ కుటుంబాలు తమ మూలం ఆని అని తరతరాలుగా చెప్పుకున్నాయి. నగరం గ్రామమైంది, 18వ శతాబ్దం నాటికి ఆ గ్రామమూ లేకుండా పోయింది.

ఒక గట్టి అభ్యంతరం

ఈ వాదనంతా ఫోనులో విన్న మా మేనల్లుడు దాన్ని తన ఇంటి యజమానురాలికి చెప్పాడట. ఆవిడ ఒప్పుకోలేదు. రాజ్యం పోయాక ఎవరి కింద వర్తకం చేస్తే ఏమిటి, అది మా ఆని కాదు, అద్దెకున్న ఇల్లు లాంటిది అన్నదట. ఈ మాట చాలా రోజులు నన్ను వదలలేదు. స్వరాజ్యం పోవడం ఒక జాతికి ఎంత లోతైన గాయమో, అందులోనూ 1915లో ఒట్టోమన్ తురుష్క రాజ్యంలో ఆర్మేనియన్ల మీద జరిగిన ఊచకోత నుంచి బతికి బయటపడినవారి సంతతికి ఆ గాయం ఎలా తగులుతుందో బయటివాడిని నేను కొలవలేను. ఆవిడ దృష్టిలో 1045 తర్వాత చరిత్ర మొత్తం ఒకటే అధ్యాయం.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. 1064 తర్వాత ఆని బతికిందనే మాటను టర్కీ అధికారిక వర్ణనలు వేరే అవసరానికి వాడుకున్నాయి. ఆని అనేక సంస్కృతుల కూడలి అంటూ మొదలుపెట్టి, ఆ అనేకంలో ఆర్మేనియన్ అన్న మాటను మాత్రం చిన్నదిగా చేయడం, చాలాకాలం సందర్శకుల ఫలకాల మీద ఆ మాటే లేకుండా చూడడం అందరికీ తెలిసినదే. నా వాదన ఆ ధోరణికి ఊతమిస్తోందా అని నేను ఆలోచించకపోలేదు.

నా సమాధానం ఇది. దాడి తర్వాతి ఆనిని గుర్తిస్తే నగరం ఆర్మేనియన్లకు మరింత చెందుతుంది గాని దూరం కాదు. హోనెంత్స్ ఆర్మేనియన్. అతని శాసనం చెక్కిన చేయి, గోడలు బాగుచేసిన కూలీలు, నదిమీద వంతెన దాటిన బిడారుల యజమానులు చాలామంది ఆర్మేనియన్లే. ప్రభువు పేరు ఎన్నిసార్లు మారినా ఊరు తనను తాను నడుపుకుంది. రాజు లేడు కాబట్టి ఆ ప్రజల చరిత్ర లెక్కలోకి రాదంటే, మనం కూడా కాన్‌స్టాంటిన్ చక్రవర్తి చూసినట్టే చూస్తున్నామన్నమాట. ఆయనకూ ఆని అంటే 40 తాళంచెవులే. కాబట్టి ఫలకం మీద ఆర్మేనియన్ అన్న మాట ముందుగా, పెద్దగా ఉండాలి. దాని కింద షద్దాదీల పేరు, జార్జియన్ల పేరు ఉండడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇరవయ్యో శతాబ్దపు విధ్వంసం

నగరం ఖాళీ అయినంత మాత్రాన కట్టడాలు పోవు. నేడు మనం చూసే నష్టంలో పెద్ద భాగం ఇటీవలిది. కార్స్ ప్రాంతం రష్యా చేతిలో ఉన్న కాలంలో పురావస్తు పరిశోధకుడు నికొలాయ్ మార్ 1892లో తవ్వకాలు మొదలుపెట్టి, 1917 వరకు దఫదఫాలుగా సాగించాడు. మనూచెహ్ర్ మసీదులోనే మ్యూజియం పెట్టాడు. 1918లో టర్కీ సైన్యం సమీపిస్తుండగా అష్ఖర్‌బెక్ కలంతార్ నాయకత్వంలో సుమారు 6,000 వస్తువులను తరలించగలిగారు. అవి ఇప్పుడు యెరెవాన్‌లో ఉన్నాయి. తరలించలేనివి పోయాయి. తలపాగా గాగిక్ విగ్రహం కూడా పోయింది, ఒక ముక్క మిగిలింది. 1921లో సరిహద్దు ఖరారై ఆని టర్కీకి దక్కింది. ఆ ఏడాదే ఆని కట్టడాలను భూమ్మీద లేకుండా చేయమని మంత్రి రిజా నూర్ నుంచి తనకు ఆదేశం వచ్చిందని, దాన్ని తాను తిరస్కరించానని తూర్పు సేనాని కాజిం కరబెకిర్ జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ తిరస్కారానికి ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

కూల్చమన్న ఆజ్ఞ అమలు కాకపోయినా పట్టించుకోకపోవడం ఆ పని నెమ్మదిగా చేసింది. 1035 నాటి రక్షకుని చర్చి 1957లో నిలువునా సగానికి కూలి, మిగిలిన సగం కోసిన పండులా నిలబడి ఉంది. 1988 భూకంపంలో ప్రధాన దేవాలయం వాయవ్య మూల పడిపోయింది. 1990ల్లో కోటగోడలకూ వర్తకుడి భవనానికీ కొత్త రాయితో చేసిన మరమ్మతులు పాతదాన్ని కప్పేశాయి. నిజాయితీగా చెప్పుకోవాలంటే, నదికి ఆవలి ఒడ్డున ఆర్మేనియా గడ్డమీది రాతి క్వారీల పేలుళ్ళు కూడా ఈ శిథిలాలను కుదిపాయి. 2016లో ఆని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక పరిస్థితి మెరుగుపడుతోంది. ప్రధాన దేవాలయాన్ని నిలబెట్టే పనులు సాగుతున్నాయి.

ఈ పనుల్లో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది గుడికి సంబంధించినది కాదు. అఖుర్యన్ మీది పాత వంతెన కమాను ఎప్పుడో కూలిపోగా, రెండు ఒడ్డుల మీద రెండు మొదళ్ళు మిగిలాయి. ఒకటి టర్కీలో, ఇంకొకటి ఆర్మేనియాలో. 1993 నుంచి ఆ రెండు దేశాల మధ్య సరిహద్దు మూసి ఉంది. ఇటీవల రెండు ప్రభుత్వాల ప్రతినిధులు జరుపుతున్న చర్చల్లో ఈ వంతెనను కలిసి బాగుచేసే విషయం కూడా ఉంది. గుమ్మటాలకు వచ్చే నిధులు ఎలాగూ వస్తాయి. పర్యాటకులు ఫొటోలు తీసుకునేవి అవే. ఆనిని ఊరు చేసినది మాత్రం ఆ దారి. అందుకే ఈ రెండు పనుల్లో ఏది ముందని ఎవరైనా నన్ను అడిగితే వంతెననే ఎంచుకుంటాను. కమాను నిలిచాక దానిమీద మనుషులను నడవనిస్తారా లేదా అన్న ప్రశ్నకు మాత్రం ఇంజనీర్లు జవాబు చెప్పలేరు. అది అంకారాలోనూ యెరెవాన్‌లోనూ ఉన్నవారు తేల్చవలసినది.